కిడ్నీ గల కారు

మనుషుల వైద్యంలో నాలుగు రోజులు చెల్లిన ప్రతి మాటా ఆ తరువాత మోటారు వాహనాల సర్వీసింగ్ కేంద్రాలకు చేరుకోవడం ఈ కాలపు ఆచారం. ఒంట్లోని విషాలను వెళ్లగొడతామని చెప్పే డీటాక్స్ పానీయాలు నగరాల్లో అమ్ముడుపోవడంతో, "ఇంజిన్ డీటాక్స్" అనే సేవ కూడా ధరల పట్టికకెక్కింది. దాని వెనుకనే, ఆయిల్ ఫిల్టర్ అనేది కారుకు కిడ్నీ అనే సిద్ధాంతమూ బయలుదేరింది. ఈ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి ఇద్దరు చాలు. ఒకరు మెడలో గుర్తింపు కార్డు, చేతిలో టాబ్లెట్ గల సర్వీస్ అడ్వైజర్, అనగా బండిని ముట్టుకోకుండా బండి గురించి మాట్లాడే ఉద్యోగి. మరొకరు పదవీ విరమణ చేసిన భౌతికశాస్త్రం మాస్టారు, అనగా బిల్లులోని ప్రతి పంక్తికీ నిర్వచనం అడిగే వినియోగదారుడు. స్థలం విజయవాడ. ఆటోనగర్ ఉన్న ఊళ్లో అడ్వైజర్ల పని కాస్త కష్టమే, ఎందుకంటే అక్కడ ప్రతి పనికీ మరో ధరా మరో అభిప్రాయమూ చెప్పే మేస్త్రి ఎవరో ఒకరు దొరుకుతూనే ఉంటారు.

"సార్, రక్తాన్ని కిడ్నీ శుద్ధి చేసినట్టే ఆయిల్‌ను ఫిల్టర్ శుద్ధి చేస్తుంది, అందుచేత మీ బండికి ప్లాటినం డీటాక్స్ ప్యాకేజీ సిఫారసు చేస్తున్నాం, ఇందులో ఇంజిన్ ఫ్లష్, నానో కోటింగ్, ఫిల్టర్ చుట్టూ అయస్కాంత పట్టీ అన్నీ కలిసి ఉంటాయి" అని అడ్వైజర్ ప్రారంభించాడు.

మాస్టారు కళ్లజోడు సవరించుకుని, "పోలిక బాగానే ఉంది నాయనా, అయితే పదివేల కిలోమీటర్లకోసారి కిడ్నీని విప్పి చెత్తబుట్టలో వేసి, కొత్తదాన్ని చేత్తో తిప్పి బిగించుకునే మనిషిని ఎక్కడైనా చూశావా?" అని అడిగారు.

అది కేవలం కస్టమర్ అవగాహన కోసం చెప్పే మాటని అడ్వైజర్ సర్దుకోగా, అవగాహనే కావలసి ఉంటే మనిషికి రెండు కిడ్నీలు ఉండగా బండికి ఒక్కటే ఎందుకు ఉందో, రెండోదాన్ని ఏ బండికి దానం చేశారో కూడా వివరించవలసి ఉంటుందని మాస్టారు అన్నారు. ప్యాకేజీ పుస్తకంలో ఈ ప్రశ్నకు జవాబు లేకపోవడం చేత అడ్వైజర్ టాబ్లెట్‌ను ఒకసారి పైకీ కిందికీ జరిపి, ఫిల్టర్ లోపల అత్యాధునిక సాంకేతికత ఉందన్నాడు.

"లోపల ఉన్నది కాగితం" అని మాస్టారు అన్నారు. సందేహంతో మొదలైన మనిషి ఉపన్యాసంలోకి దిగిన క్షణం ఇదే. ముప్పయ్యేళ్లు పాఠం చెప్పినవారికి ఇది కొత్త కాదు. "జిగురుపదార్థంతో గట్టిపరచిన కాగితాన్ని మడతలు మడతలుగా పేర్చి, దాన్ని రేకు డబ్బాలో పెడతారు, పంపు తోసిన ఆయిల్ డబ్బా అంచున ఉన్న చిన్న రంధ్రాల గుండా లోపలికి వచ్చి, మడతలను బయటి నుంచి లోపలికి దాటి, నడిమి పెద్ద రంధ్రం గుండా ఇంజిన్‌కు పోతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లైతే, ఈ కాగితం 20, 30 మైక్రాన్ల రేణువులను చాలావరకు ఆపగలదు. కిడ్నీ మలినాన్ని ఒంటి నుంచి బయటికి పంపుతుంది గాని ఈ కాగితం దాన్ని తన మడతల్లోనే దాచుకుంటుంది; అందువల్ల దీనికి కావలసింది డీటాక్స్ కాదు, మార్పిడి."

"మార్చకపోతే కిడ్నీ ఫెయిల్ అవుతుంది కదా సార్" అని అడ్వైజర్ తన పోలికను వదలక పట్టుకున్నాడు.

"అవదు, అదే విచిత్రం. కాగితం పూడుకుపోయినా, చలికి ఆయిల్ చిక్కబడినా, ఫిల్టర్‌కు రెండు వైపులా ఉండే పీడనంలో తేడా పెరుగుతుంది. అప్పుడు బైపాస్ వాల్వ్ అనే చిన్న స్ప్రింగు తలుపు తెరుచుకుని, వడకట్టని ఆయిల్‌నే నేరుగా ఇంజిన్‌లోకి వదులుతుంది. ఆయిల్ అసలే లేక బేరింగులు పట్టేయడం కన్నా మురికి ఆయిల్ నయమని దాన్ని తయారుచేసినవారి లెక్క. ఫిల్టర్ మార్చని యజమాని బండి అదే శబ్దంతో, అదే వేగంతో నడుస్తూనే ఉంటుంది; అరుగుదల మాత్రం లోపల సాగిపోతుంది. నీ కిడ్నీకి ఇలాంటి దొడ్డిదారి ఉందా నాయనా?"

తన కిడ్నీల సంగతి తేలాలంటే పరీక్ష చేయించాలని అడ్వైజర్ ఒప్పుకుని, చివరి అస్త్రంగా డిప్‌స్టిక్ బయటికి లాగి, అనగా ఆయిల్ మట్టం చూసే సన్నని కడ్డీని తీసి, తెల్లని టిష్యూ కాగితంపై తుడిచి నల్లని మరకను మాస్టారి ముక్కు ముందుంచాడు. సర్వీసింగ్ కేంద్రాల్లో ఇంతటి ప్రభావం గల నాటకం మరొకటి లేదు. ఆ మరక చూడగానే ప్లాటినానికి తల ఊపినవారు ఎందరో. మాస్టారు మాత్రం ఆ టిష్యూను వెలుతురుకు పట్టి చూశారు. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కూడా కొన్ని వందల కిలోమీటర్లకే నల్లబడుతుందనీ, ఆ నలుపు పొగమసి వల్ల వచ్చేదనీ, మసి ముద్ద కట్టకుండా సన్నని రేణువులుగా తేలేట్టు చూడడం ఆయిల్‌లో కలిపే రసాయనాల పనేననీ, ఆ రేణువులు ఒక మైక్రాన్ కన్నా చిన్నవి కాబట్టి కాగితం వాటిని వదిలేస్తుందనీ వివరించి, నల్లగా మారిన ఆయిల్ తన పని చేస్తున్న ఆయిల్ అని తేల్చారు. అయస్కాంత పట్టీ వంతు రాగా, అది ఇనుప రజనును పట్టగలదు గాని గాలితో వచ్చే ఇసుకనూ, బేరింగుల నుంచి రాలే అల్యూమినియం, రాగి వంటి లోహాలనూ పట్టలేదన్నారు. ఫ్లష్ విషయంలో ఇంకా కఠినంగా మాట్లాడారు: పాత ఇంజిన్‌లో ఏళ్ల తరబడి పేరుకున్న చిక్కటి మడ్డి ఒక్కసారిగా ఊడివచ్చి, పంపు మూతి దగ్గరి జల్లెడకు అడ్డుపడితే ఆయిల్ సరఫరాయే తగ్గుతుందనీ, అటువంటి శుద్ధికి పూనుకోవడం కన్నా ఆయిల్‌ను వేళకు మార్చుకోవడమే మేలనీ అన్నారు.

ఈ ఘట్టంలో అడ్వైజర్‌కు ఒక్క గెలుపు దక్కింది. బండి ఏడాదిలో ఎంత తిరిగిందని అడిగి, కేవలం రైతుబజారుకూ గుడికీ వెళ్లివచ్చి రెండు వేల కిలోమీటర్లు దాటలేదని తెలుసుకున్న మీదట, "అయినా ఆయిల్, ఫిల్టర్ మార్చాలి సార్, ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండానే ఆగిపోతూ ఉంటే లోపలి చెమ్మ, కాలని ఇంధనం ఆవిరై పోక ఆయిల్‌లోనే కలిసిపోతాయి, అందుకే చాలా కార్లకు పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని పుస్తకంలోనే ఉంటుంది" అని చెప్పాడు. అది నూటికి నూరుపాళ్లూ నిజం కావడం వల్ల మాస్టారు కాసేపు మౌనం వహించి, ఆ ఓటమిని మరిపించడానికి చరిత్రలోకి వెళ్లారు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారులో ఆయిల్ ఫిల్టరే కాదు ఆయిల్ పంపు కూడా లేదనీ, తిరిగే ఫ్లైవీలు చిమ్మిన ఆయిలే దిక్కనీ, 1923 ప్రాంతంలో అమెరికాలో ప్యూరొలేటర్ పేరుతో ఫిల్టర్ వచ్చిందనీ, 1924 నాటి క్రైస్లర్ కారులో అది చోటు సంపాదించిందనీ చెప్పారు. కిడ్నీ లేకుండానే ఒకటిన్నర కోట్ల మోడల్ టీలు ఎలా బతికాయని కూడా అడిగారు. ఆ బళ్ల ఆయిల్‌ను ఎంత తరచుగా మార్చవలసి వచ్చేదో మాత్రం వారు ప్రస్తావించలేదు.

తరువాత ఫిల్టర్ బిగించేటప్పుడు దగ్గరుండి చూస్తానని పట్టుబట్టి, పాత రబ్బరు గాస్కెట్ ఇంజిన్‌కే అతుక్కుపోయి ఉందేమో తడిమి చూడాలనీ, రెండు గాస్కెట్లు ఒకదానిమీద ఒకటి పడితే ఆయిల్ మొత్తం కారిపోవచ్చనీ, కొత్త రబ్బరుకు కాస్త కొత్త ఆయిల్ రాసి, తగిలాక చేత్తోనే సుమారు ముప్పావు చుట్టు బిగించాలి గాని స్పానర్‌తో బలప్రదర్శన చేయరాదనీ, డ్రెయిన్ ప్లగ్ కింది వాషర్‌ను కూడా మార్చాలనీ ఆదేశించారు. ఇంజిన్ నడిపి ఆపాక కొన్ని నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడడం సరేసరి.

ఇవన్నీ టాబ్లెట్‌లో ఎక్కించే వీలు లేక అడ్వైజర్ చూపు బండి ముందుభాగం వైపు మళ్లింది. అక్కడ దారానికి గుచ్చిన నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు వేలాడుతున్నాయి. కాయ మచ్చ లేకుండా నిగనిగలాడుతోంది. "ఇది ఎప్పుడు మార్చారు సార్?" అని అతను అడిగితే, మొన్నటి అమావాస్యకేనని మాస్టారు గర్వంగా చెప్పారు. ఫిల్టర్ ఎప్పుడు మార్చారన్న ప్రశ్నకు మాత్రం వారు పాత బిల్లులు వెతకవలసి వచ్చింది.

ఇక్కడి నుంచి చర్చ ఫిల్టర్‌ను విడిచి నిమ్మకాయను పట్టుకుంది, అందుకు ఎవరూ విచారించలేదు. ఇంద్రకీలాద్రి దిగువన పూజ చేయించి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిన రోజు నుంచీ, గుర్తుచేసే సందేశం గాని, అద్దానికి అంటించిన స్టిక్కరు గాని, వారంటీ భయం గాని లేకుండానే ఆ దండ ఏ అమావాస్యకూ తప్పక మారుతోంది. ఇందుకు కారణం భక్తి మాత్రమే కాదని అడ్వైజర్ అభిప్రాయం: కాయ కళ్లెదుట వేలాడుతుంది, వాడితే అందరికీ తెలుస్తుంది, ఇరుగుపొరుగు అడుగుతారు, ఫిల్టర్ బండి పొట్ట కింద ఉంటుంది, బయటినుంచి ఎన్నాళ్లకైనా కొత్తగానే కనిపిస్తుంది. అయితే ఫిల్టర్‌నూ అమావాస్యనాడే మార్చే పద్ధతి పెడితే ఎలా ఉంటుందని మాస్టారు అడగ్గా, నెలకొక ఫిల్టర్ అమ్ముడుపోయే ఆ ఆలోచన అడ్వైజర్‌కు మొదటిసారిగా ఈ సంభాషణలో నిజమైన సంతోషం కలిగించింది.

అతను వెంటనే "దృష్టిదోష నివారణ" అనే శీర్షికతో కొత్త పంక్తి తెరిచి, నిమ్మకాయకు జీఎస్టీ ఎంతో వెతకసాగాడు. తాజా నిమ్మకాయకు జీఎస్టీ లేదని మాస్టారు గుర్తుచేయగా, నానో కోటింగ్ వేసినదానికైతే వేయవచ్చునని చెప్పి, అది గోల్డ్‌లో చేర్చాలా ప్లాటినంలో చేర్చాలా అని అడిగాడు.