మంగినపూడి తీరాన లైవ్ సెట్టు: తలకిందుల సలహాలు

డీజే సాఫ్ట్‌వేర్‌కు పాటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను జతచేసి లైవ్ సెట్టు వాయించాలని చూస్తున్న బందరు, గుడివాడ, అవనిగడ్డ కుర్రాళ్ల కోసం రాస్తున్నాను. యూట్యూబులో మీరు చూసిన పాఠాలకు ఇవి చాలావరకు ఎదురు. మీకు బాక్సులు అద్దెకిచ్చే సౌండ్ సర్వీసాయన చదివితే తల పట్టుకుంటాడు. అయినా సముద్రపు గాలిలో, పక్కన డప్పులు మోగుతున్నచోట నేను చెప్పేది ఇదే.

ముందుగా, తాళాన్ని ల్యాప్‌టాప్ చేతిలో పెట్టకండి. డప్పు వాయించే ఆయన చేతిలో పెట్టండి.

మామూలుగా నేర్పేది వేరు. సెరాటోలోనో వర్చువల్ డీజేలోనో పాట నడుస్తుంటుంది. పక్కనే ఏబుల్‌టన్ లైవ్‌లో మీరు కట్టుకున్న దరువులు, బేస్ లైన్లు తిరుగుతుంటాయి. రెంటినీ ఏబుల్‌టన్ లింక్ కలుపుతుంది. 2016లో వచ్చిన ఈ లింక్ శబ్దాన్ని పంపదు. టెంపో ఎంత, బీటు ఎక్కడ పడుతోంది, బార్‌లో ఎంత దూరం వచ్చాం అన్న లెక్కనే పంపుతుంది. ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న రెండు ల్యాప్‌టాప్‌ల మధ్యా, ఒకే ల్యాప్‌టాప్‌లోని రెండు సాఫ్ట్‌వేర్ల మధ్యా నడుస్తుంది. అంతకుముందు, 2010లో, సెరాటో, ఏబుల్‌టన్ కలిసి ద బ్రిడ్జ్ అని ఒకటి తెచ్చాయి. దానితో ఏబుల్‌టన్ సెట్టునే సెరాటో డెక్కు మీదికి ఎక్కించేవారు. ఇంకా పాతది మిడి క్లాక్. బీటుకు 24 టిక్కులు పంపుతుంది, ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది.

లింక్‌లో నాకు నచ్చేది దానికి యజమాని లేకపోవడం. ఎవరు టెంపో మార్చినా మిగతావాళ్లు అటే వస్తారు. కాబట్టి ఏబుల్‌టన్‌లోని ట్యాప్ బటన్‌ను మీ ప్యాడ్ కంట్రోలర్‌లో ఒక ప్యాడ్‌కు మ్యాప్ చేసుకోండి. డప్పు వింటూ దానిమీద వేలితో కొడుతూ ఉండండి. లైవ్ టెంపో మారుతుంది, దాని వెంట డీజే డెక్కూ వస్తుంది. కీ లాక్ వేసి ఉంచితే పాట శ్రుతి చెదరదు. 2021లో వచ్చిన లైవ్ 11లో టెంపో ఫాలోయర్ ఉందిగా, మైకు పెడితే అదే వింటుందిగా అంటారు. బీచ్‌లో ఆ మైకులోకి గాలి, జనం కేకలు, మీ సొంత బేస్ కూడా దూరతాయి. మీ వేలే నయం.

దసరాకు బందరులో శక్తి పటాలు డప్పుల మోతకు ఆడుతూ కోనేరు సెంటరుకు చేరడం చూసినవాళ్లకు ఈ సలహా వింతగా ఉండదు. అక్కడ దరువు మనిషిని బట్టి ఊపందుకుంటుంది, మనిషిని బట్టే తగ్గుతుంది. పక్కనే ఉన్న కూచిపూడిలో నట్టువాంగం పట్టినాయన కళ్లు నర్తకి పాదాల మీదే ఉంటాయి. ఇంత అలవాటున్న నేలమీద కంప్యూటరు చెప్పిన 128 టెంపోకి డప్పును బిగించి, అది జారిపోతోందని విసుక్కోవడం నాకు సహించదు.

రెండో సలహాకు మీరు ఇంకా గట్టిగా అడ్డం పడతారు. బఫర్ పెంచండి. 128 శాంపిళ్లు పెట్టు, లేటెన్సీ తగ్గుతుంది అని అందరూ అంటారు. నేను 512 పెట్టమంటాను. 44,100 రేటు దగ్గర 512 శాంపిళ్లంటే దాదాపు 11.6 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో శబ్దం గాలిలో నాలుగు మీటర్లు వెళుతుంది. మీ బాక్సులే మీకు పది మీటర్ల అవతల ఉంటే, అక్కడినుంచి చప్పుడు మీ చెవిన పడేసరికే 29 మిల్లీసెకన్లు గడుస్తాయి. ఎండకు కాగిన ల్యాప్‌టాప్ మధ్యలో టకటకలాడటం కన్నా ఈ కాస్త ఆలస్యం ఎంతో మేలు. షరతు ఒకటే: డప్పు మైకును ల్యాప్‌టాప్‌లోకి పంపకండి, సరాసరి మిక్సర్‌లోకి ఇవ్వండి. ప్యాడ్ల మీద వేళ్లతో డ్రమ్స్ వాయించేవాళ్లు మాత్రం 128 దగ్గరే ఉండండి.

ప్లగిన్లను బీచ్‌కు తేవద్దు. ఎఫ్ఎల్ స్టూడియోలో కట్టిన దరువులను ఇంటి దగ్గరే నాలుగేసి, ఎనిమిదేసి బార్ల వేవ్ ఫైళ్లుగా బౌన్స్ చేసుకుని రండి. అలా తెస్తే లైవ్ ఎలా అవుతుంది అంటారు. ఏది ఎప్పుడు లేపాలో, ఏది ఎప్పుడు ఆపాలో జనాన్ని చూసి తేల్చేది మీరే. నా లెక్కలో అదే లైవ్.

పాత పాటల విషయంలో ప్రాధేయపడుతున్నాను. ఘంటసాల ఈ గుడివాడ పక్క చౌటపల్లిలోనే 1922లో పుట్టారు. ఆ కాలంలో గాయకుడూ వాద్యబృందమూ కలిసి పాడి వాయిస్తుంటే రికార్డు చేసేవారు. క్లిక్ ట్రాక్ లేదు. ఆ తాళం చరణంలో కొంచెం సాగుతుంది, పల్లవికి బిగుస్తుంది. అలాంటి పాటను బీటు బీటుకూ వార్ప్ మార్కర్ గుచ్చి గ్రిడ్‌కు లాగకండి. పల్లవి మొదట్లో ఒకటి, చరణం మొదట్లో ఒకటి పెట్టి వదిలేయండి. మధ్యలో మీ దరువు పక్కకు జరిగితే దరువునే ఆపండి, పాటను కాదు. గొంతును విడదీసే స్టెమ్స్ పని కూడా ఇంట్లోనే చేసుకుని, హెడ్‌ఫోన్లో విని, గొంతు చెడిపోయినవాటిని పక్కన పెట్టండి.

బేస్ తగ్గించండి. ఆరుబయట గోడలు లేవు కాబట్టి బేస్ చాలదనిపిస్తుంది, అందరూ నాబ్ పైకి తిప్పుతారు. 40 హెర్ట్జ్ కింద కోసేయండి. ఆ కింది మోత ఆంప్లిఫయర్ శక్తిని తినేయడమే తప్ప ఆడేవాళ్లకు ఒరిగేది తక్కువ. స్టీరియో కూడా వద్దు, మోనో పంపండి. కుడి బాక్సు దగ్గర నిలబడ్డవాళ్లకూ పాట మొత్తం వినిపించాలి కదా.

జనరేటరు హమ్ వస్తుంటే ఒకసారి ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. చాలాసార్లు గ్రౌండ్ లూప్ అక్కడే ఉంటుంది. డీఐ బాక్సు ఉంటే చార్జర్ పీకే పనే ఉండదు.

సెట్టుకు పతాకఘట్టం తొమ్మిదింటికి పెట్టుకోండి, పన్నెండుకు కాదు. శబ్దకాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం. పండుగలకు ప్రభుత్వం పన్నెండు దాకా సడలించవచ్చు, అదీ ఏడాదికి పదిహేను రోజులకు మించకుండా. 2025 జూన్‌లో మసులా బీచ్ ఫెస్టివల్ జరిగిన ఈ తీరం చుట్టూ తెల్లారకముందే లేచి వేటకు వెళ్లేవాళ్ల ఇళ్లున్నాయి. వాళ్ల నిద్ర చెడగొట్టి సంపాదించే ఈలలు మనకొద్దు.

ఇన్ని చేసినా ఏదో ఒక రాత్రి ల్యాప్‌టాప్ ఆగిపోతుంది. డప్పు మైకును సరాసరి మిక్సర్‌లోకి ఎందుకు ఇమ్మన్నానో అప్పుడు తెలుస్తుంది. దాని ఫేడర్ కాస్త పెంచి, కంగారు పడకుండా రీస్టార్ట్ చేయండి. ముందు ఏబుల్‌టన్ తెరవండి, లింక్ వేయండి, డప్పు వింటూ నాలుగు దెబ్బలు ట్యాప్ చేయండి. డీజే డెక్కులో పల్లవి మొదట హాట్ క్యూ పెట్టి ఉంచుకుంటారు కదా, డప్పు ఆయన తల ఊపగానే అక్కడ నొక్కండి.