వాల్సన్‌కి ఉంది, లక్ష్మణ్‌కి లేదు

ప్రపంచ కప్పు గెలవనివాడు గొప్ప ఆటగాడే కాడని మా బావమరిది తేల్చేశాడు. తీర్పు బాగానే ఉంది. అమలు దగ్గరే చిక్కొచ్చింది. సికిందరాబాద్‌లో పుట్టిన సునీల్ వాల్సన్ 1983లో కప్పు గెలిచిన పద్నాలుగుమందిలో ఒకరు. ఆ టోర్నీలో ఆయన ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఆ తర్వాతా భారత్ తరఫున ఒక్క బంతి వేయలేదు. మన వి.వి.ఎస్. లక్ష్మణ్ 134 టెస్టులాడి 8,781 పరుగులు చేశాడు కానీ ప్రపంచ కప్పులో ఒక్క మ్యాచ్ ఆడే యోగం పట్టలేదు. కాబట్టి బావమరిది చట్టం ప్రకారం వాల్సన్ ఎదురైతే లక్ష్మణ్ లేచి కుర్చీ ఇవ్వాలి. (వాల్సన్ మంచి ఎడమచేతి పేస్ బౌలర్. సెలెక్టర్లు ఊరికే విమానం ఎక్కించలేదు. ఈ గొప్పల పోటీకి ఆయన దరఖాస్తూ పెట్టుకోలేదు.)

"మరి ఈడెన్ గార్డెన్స్ సంగతేంట్రా?" అన్నాను. 2001 మార్చి. వరసగా పదహారు టెస్టులు గెలిచొచ్చిన ఆస్ట్రేలియా మనల్ని ఫాలో ఆన్ ఆడించింది. 274 పరుగులు వెనకబడి ఉన్నాం. లెగ్ స్టంప్ అవతల బౌలర్ల బూట్లు తవ్విపోసిన గరుకు నేల మీద షేన్ వార్న్ బంతి వేస్తాడు. లక్ష్మణ్ క్రీజు వదిలి ముందుకొచ్చి దాన్ని కవర్స్ మీదుగా పంపిస్తాడు. మళ్ళీ అక్కడే పడిన బంతిని, అది తిరిగే వైపుకి ఎదురు తిప్పి, మిడ్‌వికెట్‌కి కొడతాడు. ఇక ఫీల్డర్ని ఎక్కడ పెట్టాలో వార్న్‌కి ఎవరు చెప్పగలరు? నాలుగో రోజు పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా లక్ష్మణ్, ద్రావిడ్ ఇద్దరే ఆడారు, వికెట్ పడలేదు. లక్ష్మణ్ 281 కొట్టాడు, 171 పరుగులతో మ్యాచ్ గెలిచాం, తర్వాత సిరీసూ గెలిచాం.

"అది ద్వైపాక్షికం బావా. చెల్లదు" అన్నాడు.

ఇక మేడ మీద అద్దెకుండే కుర్రాడిది అవతలి పార్టీ. కోహ్లీ భక్తుడు. "కప్పంటే పదకొండుమంది పని అంకుల్. మనిషి సత్తా సొంత లెక్కల్లో తెలుస్తుంది" అనేవాడు. సాక్ష్యం దగ్గరే ఉంది: 2016 ఐపీఎల్‌లో కోహ్లీ 973 పరుగులు, నాలుగు సెంచరీలు. ఫైనల్లో ఎనిమిది పరుగుల తేడాతో కప్పు పట్టుకుపోయింది మన సన్‌రైజర్స్ అని గుర్తు చేస్తే, రెండు రోజులు మోటారు వేసి ట్యాంకు నింపలేదు.

అవార్డుల లెక్క కూడా చూద్దాం, తప్పేముంది. ఐపీఎల్ మొదలైన 2008 నుంచి 2025 దాకా పద్దెనిమిది సీజన్లు. ఎక్కువ పరుగులు చేసి ఆరెంజ్ క్యాప్ పెట్టుకున్నవాడి జట్టే కప్పు గెలిచింది రెండంటే రెండుసార్లు: 2014లో ఉతప్ప, 2021లో రుతురాజ్. వన్డే ప్రపంచ కప్పులోనూ సగానికి పైగా ఇదే వరస. 1992 నుంచి 2023 దాకా తొమ్మిది టోర్నీల్లో మేటి ఆటగాళ్ళుగా నిలిచినవాళ్ళలో క్రో, క్లూసెనర్, సచిన్, విలియమ్సన్, కోహ్లీ, అయిదుగురూ కప్పు లేకుండానే ఇంటికెళ్ళారు. సంబంధం కుదరకపోయినా సొజ్జె, బజ్జీలు బాగున్నాయని చెప్పుకుంటూ బస్సెక్కిన పెళ్ళిచూపుల వాళ్ళలాగా. 2003లో సచిన్ 673 పరుగులు చేసినా, 2023లో కోహ్లీ 765 చేసినా, ఆఖరి రోజున పీట మీద కూర్చున్నది మాత్రం ఆస్ట్రేలియా వాళ్ళే.

వీళ్ళలో విలియమ్సన్ కేసు మరీ ఘోరం. 2019 లార్డ్స్ ఫైనల్, ఆఖరి ఓవర్. గప్టిల్ విసిరిన బంతి, రెండో పరుగు కోసం దూకిన స్టోక్స్ బ్యాటుకి తగిలి బౌండరీ దాటింది. అంపైర్లు ఆరు పరుగులిచ్చారు. స్కోర్లు సమం. సూపర్ ఓవరూ సమం. చివరికి ఎవరు ఎక్కువ ఫోర్లు, సిక్సులు కొట్టారో లెక్కేసి ఇంగ్లాండ్‌కి కప్పిచ్చారు. ఆ స్టోక్స్ పుట్టిందేమో న్యూజిలాండ్‌లో! ఆ త్రో బెత్తెడు పక్కనుంచి పోయి ఉంటే మా బావమరిది ఈపాటికి విలియమ్సన్ ఫొటోకి దండేసి ఉండేవాడు. ఆ లెక్కల నిబంధనని అదే ఏడాది ఐసీసీ ఎత్తేసింది. బావమరిది ఇంకా ఎత్తెయ్యలేదు.

2025 జూన్ 3 రాత్రి కోహ్లీ జట్టు బెంగళూరు మొదటిసారి ఐపీఎల్ గెలిచింది. అర్ధరాత్రి మేడ మీద టపాసులు పేలాయి. తెల్లారి పాల ప్యాకెట్ కోసం కిందికొచ్చిన కుర్రాడు, "ఎన్ని పరుగులు చేస్తే ఏం లాభం అంకుల్, కప్పుండాలి" అన్నాడు. నిన్నటిదాకా సొంత లెక్కలన్నావుగా అంటే, అది పాత సీజన్ మాటట.

బావమరిది ధోనీ భక్తుడు కాబట్టి పొంగిపోయాడు. ఇద్దరూ ఒకే దారికొచ్చారు కదా, మళ్ళీ లెక్క కడదామన్నాను. ధోనీ ఐపీఎల్ కప్పులు అయిదు, కోహ్లీవి ఒకటి. గుంటూరు అంబటి రాయుడివి ఆరు: ముంబయితో మూడు, చెన్నైతో మూడు. అంటే ధోనీ కంటే రాయుడే మెట్టు పైన. ఇంట్లో కాసేపు ఫ్యాను చప్పుడొక్కటే వినిపించింది. ఇదే రాయుడు 2015 ప్రపంచ కప్పుకి వెళ్ళి ఒక్క మ్యాచ్ ఆడకుండా తిరిగొచ్చాడు. 2019లో అసలు తీసుకెళ్ళనేలేదు. తీసుకెళ్ళిన విజయ్ శంకర్‌లో మూడు కోణాల ప్రతిభ ఉందన్నారు, ఆ టోర్నీ చూడ్డానికి త్రీడీ కళ్ళద్దాలకి ఆర్డరిచ్చానని రాయుడు ట్వీట్ పెట్టాడు. క్రికెట్ సాహిత్యంలో ఇంత పొట్టి వ్యంగ్యం మరొకటి నేను చదవలేదు.

"కెప్టెన్‌గా గెలిచినవే లెక్క" అన్నాడు బావమరిది, చట్టానికి అక్కడికక్కడే సవరణ తెచ్చి. అలాగైతే వంద అంతర్జాతీయ సెంచరీల సచిన్‌కి ప్రపంచ కప్పుల్లో సున్నా, ఐపీఎల్లో సున్నా. ఆ మాట అనడానికి వాడికీ నోరు రాలేదు. తన ఇంట్లో దేవుడి గూటి పక్కనే సచిన్ క్యాలెండరుంది మరి. "సచిన్‌కి మినహాయింపు" అన్నాడు. ఎందుకని కుర్రాడు అడిగాడు. సచిన్ గొప్పవాడు కాబట్టి అన్నాడు.

అప్పుడు మిథాలీ రాజ్ పేరెత్తాను. వన్డేల్లో 7,805 పరుగులు, ఆరు ప్రపంచ కప్పులు, 2005లో, 2017లో కెప్టెన్‌గా రెండు ఫైనల్స్. రెండూ ఓడిపోయింది. 2017లో 229 లక్ష్యానికి మూడు వికెట్లకు 191 దాకా వచ్చి, ఆలౌటయి తొమ్మిది పరుగుల తేడాతో ఓడాం. కడప జిల్లా శ్రీచరణి ఆడిన మొదటి ప్రపంచ కప్పులోనే, 2025లో, కప్పు గెలిచేసింది. మరి శ్రీచరణి గొప్పా, మిథాలీ గొప్పా? ఈ ప్రశ్న నేరుగా శ్రీచరణినే అడిగితే లెంపలేసుకుంటుంది. మా వాళ్ళకి ఆ మొహమాటం లేదు.

"నవీ ముంబయిలో గెలిచిన రాత్రి అమ్మాయిలు కప్పు తీసుకెళ్ళి మిథాలీ చేతుల్లో పెట్టారు కదరా?" అన్నాను.

బావమరిది తల గోక్కున్నాడు. "పట్టుకుంది కాబట్టి అర కప్పు వేద్దాం బావా" అన్నాడు. కుర్రాడు ససేమిరా అన్నాడు. జట్టు డ్రెస్సులో ఉండి పట్టుకుంటేనే లెక్కట. డ్రెస్సులో ఉండి ఆడకుండా పట్టుకుంటే ఎంతని బావమరిది ఎదురడిగాడు. ఇప్పుడు ఇద్దరూ కలిసి నియమావళి రాస్తున్నారు. నాలుగో పేజీకొచ్చింది. అందులో ఇంతవరకూ నెగ్గినవాళ్ళు ధోనీ, కోహ్లీ మాత్రమే.