కాలు తీశానండీ, కారు ఆగలేదు

మహారాజశ్రీ సర్వీస్ మేనేజర్ గారి దివ్యసముఖానికి,

తమరి చలవ వల్ల కారు తళతళలాడుతోంది. టైర్లకు నల్లరంగు పూయించారు, లోపల మల్లెల సెంటు పెట్టించారు (380 రూపాయలు, నేనడగలేదు). సీటు ఎవరో పొడుగాయన కోసం వెనక్కి జరిపి అలాగే వదిలేశారు. “యాక్సిలరేటర్ పట్టేస్తోంది” అని నేను రాయించిన గడిలో మాత్రం తమ కుర్రాడు టిక్కు కొట్టి “ఓకే” అన్నాడు. ఇది నాలుగో టిక్కు.

మొన్న మంగళవారం పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద, అత్తాపూర్ దాటాక, ముందున్న క్యాబ్ నెమ్మదిస్తే కాలు తీశాను. కాలు పైకొచ్చింది. పెడల్ రాలేదు. అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా అక్కడే చతికిలబడింది. క్లచ్ తొక్కితే ఇంజిన్ పెట్టిన గావుకేకకి ముల్లు ఎర్రగీత దాటింది. న్యూట్రల్‌లో పడేసి, బ్రేకు ఒకే తొక్కుడు తొక్కి, గోడవారకు లాగి తాళం తిప్పాను. పదేపదే పంపు కొట్టి ఉంటే వాక్యూమ్ అయిపోయి బ్రేకు బండరాయి అయ్యేది. పక్కన మా బావమరిది. “ఇంత రేసు ఎందుకిస్తున్నావు బావా?” అన్నాడు.

నేనిస్తున్నానా!

“స్పోర్ట్స్ కారు కదా సార్, కొంచెం టైట్‌గానే ఉంటుంది” అన్నారు మీరు. స్పోర్ట్స్ కారంటే తొక్కితే పరిగెత్తేదయ్యా, తీసేసినా పరిగెత్తేది కాదు. మీవాళ్లు ట్రయల్ ఎక్కడ వేశారు? మీ కాంపౌండ్‌లో, ఇరవై స్పీడులో, రెండు చుట్లు. ఇంజిన్ బాగా వేడెక్కాలి, పెడల్ మూడొంతులు దిగాలి, అప్పుడే పట్టేస్తుందని మూడుసార్లు చెప్పాను. రాసుకున్నారు కూడా. రాసుకుని త్రాటిల్ బాడీ కడిగారు. 1,800. మళ్లీ వస్తే మళ్లీ కడిగారు. మళ్లీ 1,800.

ఇంటికొచ్చి టార్చి వేసి చూద్దును గదా, నా రబ్బరు మ్యాట్ మీద మీ రబ్బరు మ్యాట్, దాని మీద “శుభప్రయాణం” అని అచ్చేసిన మీ పేపరు మ్యాట్. మూడంతస్తుల మేడ! 2009 ఆగస్టులో శాన్ డియాగో దగ్గర, డీలరు వాడుకోమని ఇచ్చిన లెక్సస్‌లో వేరే మోడల్ మ్యాట్ పెడల్‌ను పట్టేసి నలుగురు పోయారు. మరుసటి జనవరిలో పెడలే పట్టేస్తోందని టయోటా ఒక్క అమెరికాలోనే 23 లక్షల బళ్లు వెనక్కి పిలిచి, లోపల చిన్న ఉక్కు ముక్క పెట్టి పంపింది. 2024లో టెస్లా 3,878 సైబర్‌ట్రక్కులు పిలిచింది. పెడల్ మీది తొడుగు ఎక్కించేటప్పుడు సబ్బు రాశారట, అది జారొచ్చి ఇరుక్కునే ప్రమాదముందట. వాళ్లు సబ్బు రాశామని ఒప్పుకున్నారు. మీరు ఊరికే టిక్కు కొట్టామని ఒప్పుకోరు.

మ్యాట్లన్నీ పీకి అవతల పారేశాను. అయినా పట్టేస్తోంది. నిన్న బానెట్ ఎత్తి, మా అమ్మాయిని పెడల్ తొక్కమని, కేబుల్ కొస దగ్గర చూశాను. మూడు పోగులు తెగి రేగుముళ్లలా లేచి ఉన్నాయి. తొక్కితే తొడుగులోకి పోతున్నాయి, వదిలితే దాని నోటి దగ్గర తన్నుకుని వెనక్కి రావడం లేదు. వేలు పెట్టాను. గుచ్చుకుంది, రక్తం. నాలుగు జాబ్‌కార్డులు, ఎనిమిది సంతకాలు, ఒక్కరి వేలికీ తగల్లేదా ఆ ముల్లు?

కేబుల్ మార్చండి మహాప్రభో అని ఫోన్ చేస్తే మీ పార్ట్స్ కౌంటర్ ఏమందో తెలుసా? “జాబ్‌కార్డులో ఓకే అని ఉంది సార్. ఫాల్ట్ లేకుండా కేబుల్ ఆర్డర్ పెడితే సిస్టమ్ తీసుకోదు.” ఫాల్ట్ రాయమంటే, “టిక్కు ఉంది కదా సార్.”

సార్, కోపంలో ఏదో అన్నాను. మనసులో పెట్టుకోకండి. సెంటు డబ్బులు వద్దు, కడిగిన డబ్బులూ వద్దు. ఆ టిక్కు ఒక్కటి కొట్టేయండి. గజం బారు తీగ సార్ అది. ఆ సైడు సీట్లో రోజూ మా అమ్మాయి కూర్చుంటుంది, కాలేజీకి.

సాయంత్రం మీ కాల్‌సెంటర్ నుంచి ఫోనొచ్చింది, మా సర్వీసుకు పదికి ఎన్ని మార్కులు వేస్తారని. పదీ వేస్తానని చెప్పాను. సోమవారం తొమ్మిదింటికి మీ గేటు దగ్గరుంటాను. నడుపుకుంటూ కాదు, తాడు కట్టించి లాక్కొస్తాను.

ఇట్లు,
తమ విధేయుడు,
నాలుగు టిక్కుల కస్టమరు