గేదె మీదే, పలుపు మాది

మా తాత పశువుల సంతకు వెళ్తే బేరం పొద్దున మొదలై మిట్టమధ్యాహ్నానికి తేలేది. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం, అలిగి లేచిపోవడం, మధ్యవర్తి వెనక్కి లాక్కురావడం, అన్నీ అయ్యేవి. కానీ డబ్బు చేతిలో పడిన మరుక్షణం అమ్మినవాడు గేదెను పలుపుతో సహా అప్పగించి తన దారిన తాను పోయేవాడు. పలుపు దగ్గర పేచీ పెట్టే మనిషిని చూసి సంత సంతంతా నవ్వేది.

ఆ నవ్విన వాళ్ళంతా పోయారు. పలుపు దగ్గర పేచీ పెట్టినవాడి మనవలు మాత్రం కంపెనీలు పెట్టారు. ఇప్పుడు గేదె ఖరీదు యాభై వేల డాలర్లు. పలుపుకు వేరే చందా. ఎడమ చేత్తో పట్టుకుంటే ఒక రేటు. అలిసిపోయి కుడి చేతికి మార్చుకుంటే మళ్ళీ మొదటి నుంచి కొనుక్కోవాలి.

ఈ జ్ఞానోదయం నాకు ఏ చెట్టు కిందా కాలేదు. అమెరికాలో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో, మా బావమరిది ఇంటి ముందు మండుటెండలో అయింది. గుడికి బయల్దేరుతున్నాం. వాడిది కరెంటు కారు. గుమ్మంలో నిలబడి మణికట్టు పైకెత్తి, వాచీ మీద వేలు పెట్టి, నా వంక ఒక చూపు చూశాడు. ఇరవై అడుగుల అవతల కారులో ఏసీ దానంతటదే మొదలైంది.

"ఎలా ఉంది బావా?"

"బానే ఉందిరా. ఆ ఇరవై అడుగులు నడిచి తలుపు తీస్తే ఏసీ రాదా?"

"అప్పటిదాకా సీటు కాలుతుంది బావా."

సరే, వాడి సీటు, వాడి సుఖం. ఆ వాచీలో యాప్‌ను పదిహేను డాలర్లు పోసి కొన్నాట్ట. 'జీవితాంతం' అని రాసి ఉందట. ఎవరి జీవితాంతమో రాయలేదు. ఆ సంగతి మర్నాడే తెలిసింది.

మర్నాడు వాడి పుట్టినరోజు. వాళ్ళావిడ ముచ్చటపడి కొత్త ఫోను కొనిచ్చింది. పాపం ఆమెకేం తెలుసు, అది వేరే శాఖ ఫోను. పాత వాచీ కొత్త ఫోనుతో మాట్లాడనంది. ప్రపంచమంతా కలిసిపోయిందని ప్రకటనల్లో ఊదరగొట్టే కంపెనీలు మన దగ్గర ఒక్క విషయం మాత్రం శ్రద్ధగా నేర్చుకున్నాయి: సంబంధం సొంత కులంలోనే. పాత వాచీని డ్రాయరులో పడేసి కొత్త వాచీ కొన్నాడు. కొత్త వాచీలో అదే యాప్, అదే బొమ్మ, అదే మీట. నొక్కితే పదిహేను డాలర్లు అడిగింది.

యాప్ చేసినాయనకు ఉత్తరం రాశాడు. జవాబు చాలా మర్యాదగా వచ్చింది. సారాంశం ఇది: మీరు కొన్నది ఆ అంగట్లో, అడుగుతున్నది ఈ అంగట్లో. ఆ అంగడి చిట్టా ఈ అంగట్లో చెల్లదు. మా జవాబు మీకు నచ్చితే అయిదు చుక్కలు వేయగలరు.

"ఇదేం అన్యాయంరా? అదే నువ్వు, అదే కారు. విజయవాడలో కొన్న చొక్కా హైదరాబాదులో తొడుక్కోవాలంటే మళ్ళీ కొంటామా?"

"చొక్కా మనదవుతుంది బావా. ఇది మనది కాదు. వాడుకోడానికి వాళ్ళిచ్చే అనుమతి."

"మరి నిన్న కొన్నానన్నావు?"

"అలా అనడం అలవాటు."

ఆ అలవాటు మీద ఒక రాష్ట్ర ప్రభుత్వమే చట్టం చేయాల్సి వచ్చింది. కలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, డిజిటల్ సరుకు అమ్మేవాడు 'ఇది మీ సొత్తు కాదు, లైసెన్సు మాత్రమే' అని తేటగా చెప్పకుండా 'కొనండి' అనే మాట వాడకూడదు. ఒక్క క్రియాపదాన్ని కాపాడుకోవడానికి శాసనసభ కూర్చోవలసి వచ్చిందంటే, ఆ పదం ఎన్నాళ్ళుగా మోసాన్ని మోస్తోందో ఊహించుకోండి.

హైదరాబాదు నుంచి విజయవాడ పోయేవాళ్ళకు పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు తెలుసు. ఎంత తిట్టుకున్నా, అక్కడ రోడ్డయితే ఉంటుంది. మణికట్టు నుంచి కారు దాకా ఉన్న ఇరవై అడుగుల్లో కూడా మూడు గేట్లున్నాయి. రోడ్డు మాత్రం గాలి.

మొదటి గేటు అంగడిది. యాపిల్ తన యాప్ స్టోర్‌ను 2008 జులైలో తెరిచింది. అమ్మకంలో 30 శాతం వాటా దానిది. కోర్టులూ ప్రభుత్వాలూ నిఘా పెట్టాక, 2021 నుంచి చిన్న డెవలపర్లకు 15 శాతానికి దిగింది. గూగుల్‌దీ అప్పట్లో దాదాపు అదే దారి. విత్తనం డెవలపరుది, చెమట డెవలపరుది. గట్టు మీద గొడుగేసుకుని కూర్చున్నందుకు భూస్వామికి వాటా. ఒక గట్టు మీద కట్టిన కౌలు రెండో గట్టు మీద ఎందుకు చెల్లుతుంది? అందుకని మా బావమరిది యాప్ చేసినాయన్ని నేను తిట్టను. ఆయన ఇద్దరు దొరల కింద ఒకేసారి నలుగుతున్న కౌలుదారు.

రెండో గేటు వాచీది. యాపిల్ వాచీ 2015లో వచ్చింది. ఈనాటికీ అది ఐఫోనుకే కట్టుబడిన పతివ్రత. శామ్‌సంగ్ వాచీలు ఒకప్పుడు ఐఫోనుతోనూ సర్దుకుపోయేవి. 2021లో వచ్చిన గెలాక్సీ వాచ్ 4 నుంచి అవీ తలుపు వేసుకున్నాయి. 2024 మార్చిలో అమెరికా న్యాయశాఖ యాపిల్ మీద గుత్తాధిపత్యం కేసు వేసినప్పుడు, జనాన్ని ఐఫోనుకు కట్టిపడేసే గొలుసుల్లో ఈ వాచీని కూడా ఒకటిగా చూపించింది. చేతికి పెట్టుకునేది అలంకారమా, సంకెలా అన్నది ఇప్పుడు కోర్టు తేల్చాలి.

మూడో గేటు అసలు గేదె అమ్మినవాడిది, అంటే కారు కంపెనీది. అన్నిటికన్నా ముచ్చటైన గేటు ఇదే. టెస్లా కార్లకు యాపిల్ వాచీ మీద సొంత యాప్ ఏళ్ళ తరబడి లేదు. ఆ ఖాళీలో చిన్న చిన్న డెవలపర్లు దిగారు. దొడ్డిదారి వెతుక్కుని, రాత్రిళ్ళు మేలుకుని, కారుకూ వాచీకీ మాటలు కలిపారు. జనం అలవాటు పడ్డారు. 2023లో టెస్లా బయటి డెవలపర్ల కోసం అధికారిక ద్వారం తెరిచింది. 2024 డిసెంబరులో తన సొంత వాచీ యాప్‌ను ఉచితంగా వదిలింది. 2025లో ఆ ద్వారం గుండా వచ్చే బయటి డెవలపర్లకు మీటరు పెట్టింది. చిన్నవాళ్ళకు నెలకు కొంత మినహాయింపు ఇచ్చినమాట నిజమే. రేట్ల పట్టిక మాత్రం చదివి తరించాల్సిందే. కారుకు వెయ్యి ఆజ్ఞలు ఒక డాలరు. నిద్రపోతున్న కారును లేపడానికైతే యాభై సార్లకు ఒక డాలరు, అంటే లేపినప్పుడల్లా రెండు సెంట్లు. తిరుమల వెంకన్నకు సుప్రభాతం పాడేవాళ్ళకైనా ఇంత కచ్చితమైన లెక్క ఉండదు.

సర్వర్లకు ఖర్చవదా అని అడుగుతారు. అవుతుంది. కానీ నా కారు బ్యాటరీలో ఎంత చార్జి ఉందో తెలుసుకోడానికి నేను ఎవరి సర్వరు గుమ్మమో ఎందుకు తొక్కాలి? ఇరవై అడుగులకు బ్లూటూత్ చాలు. ఆ దారి కారులోనే ఉంది. ఉన్నా, చాలాసార్లు మాట ఊరంతా తిరిగే వస్తుంది. ఎందుకంటే దగ్గరిదారిలో గేటు పెట్టడం కష్టం.

ఆ దూరపు దారి మూసుకుపోతే ఏమవుతుందో 2021 నవంబరు 19న తేలింది. టెస్లా సర్వరు పడకేసింది. ఫోనునే తాళంచెవిగా నమ్ముకుని తాళం కార్డు ఇంట్లో వదిలేసిన యజమానులు కొందరు పలు దేశాల్లో సొంత కారు పక్కన పరాయివాళ్ళలా నిలబడ్డారు. టెస్లా అధిపతి ఈలన్ మస్క్ క్షమాపణ చెప్పారు. గేదె కళ్ళ ముందే నెమరేస్తోంది. పలుపు మాత్రం కంపెనీ వారి పెరట్లో ఉంది.

2017 సెప్టెంబరు సంగతి ఇంకా చిత్రం. ఫ్లోరిడా మీదికి ఇర్మా తుపాను వస్తోంది. జనం ఇళ్ళు వదిలి పారిపోతున్నారు. అప్పట్లో టెస్లా కొన్ని మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లలో 75 యూనిట్ల బ్యాటరీ పెట్టి, సాఫ్ట్‌వేర్‌తో 60కి తాళం వేసి, తక్కువ ధరకు అమ్మింది. మిగతా 15 కావాలంటే వేల డాలర్లు. తుపాను పుణ్యమా అని కంపెనీ కూర్చున్నచోటి నుంచే ఆ తాళం తీసింది. లోకం మెచ్చుకుంది. గండం గడిచాక మళ్ళీ వేసింది. మెచ్చుకోడానికి తొందరపడిన లోకం ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సింది: అన్నం గిన్నెలోనే ఉంది, మూత మీద తాళం ఉంది, ఆకలితో ఉన్నవాడే ఆ గిన్నెను అన్నాళ్ళూ మోశాడు.

మిగతావాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? బీఎండబ్ల్యూ 2022లో కొన్ని దేశాల్లో సీటు వేడికి నెలసరి చందా పెట్టింది. బ్రిటన్‌లో అది 15 పౌండ్లు. వేడిచేసే తీగలు సీట్లోనే ఉన్నాయి, వాటి ఖర్చు కారు ధరలోనే ఉంది. చందా కట్టింది తీగకు కాదు, తీగ మీద కూర్చునే హక్కుకు. జనం దుమ్మెత్తి పోశాక 2023లో మానుకుంది. మెర్సిడెస్ అమెరికాలో ఏడాదికి 1200 డాలర్లు కడితే కారు ఇంకాస్త చురుగ్గా దూకుతుందంది. మోటారు పాతదే. అప్పటిదాకా దాని కాలికి బందం వేసి ఉంచారు, విప్పినందుకు 1200.

ఇదంతా దొరల గొడవ, మనకెందుకు అనుకోకండి. టెస్లా 2025 జులైలో ముంబైలో దుకాణం తెరిచింది. అంతకంటే ముందే మన స్కూటర్ల వాళ్ళు పలుపు విద్యలో పట్టా పుచ్చుకున్నారు. అప్పట్లో కేంద్రం రాయితీ రావాలంటే బండి ధర ఒక పరిమితి దాటకూడదనే నిబంధన ఉండేది. అందుకని కొన్ని కంపెనీలు బండిని పరిమితిలో చూపించి, చార్జరుకు వేరే బిల్లు వేశాయి. కొందరు సాఫ్ట్‌వేర్‌కూ వేశారు. చార్జరు లేని కరెంటు బండి! పెళ్ళికొడుకు వేరు, తాళిబొట్టు వేరు, రెండూ కావాలంటే ప్యాకేజీ. 2023లో ప్రభుత్వం కన్నెర్ర చేశాక చార్జరు డబ్బు కొన్నవాళ్ళకు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. అంగడి గేటు సంగతి కూడా మన దగ్గర నడిచిందే. ప్లే స్టోర్ బిల్లింగు నిబంధనల మీద కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 936 కోట్ల జరిమానా వేసింది. 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని 216 కోట్లకు తగ్గించింది. బేరం కుదరడమంటే అదీ. మా తాత ఉంటే ఆ వకీళ్ళను సంతకు తీసుకుపోయేవాడు.

ఇంతకీ దూరం నుంచి యంత్రాన్ని ఆడించడం బ్రహ్మవిద్యా? మన పల్లెల్లో రైతులు సెల్‌ఫోన్‌తో నడిచే స్టార్టరు పెట్టె బిగించుకుని, ఇంట్లో కూర్చుని పొలంలో మోటారు వేసుకుంటున్నారు. ఫోను కొడితే మోటారు ఆన్. ఏ కంపెనీ ఫోనైనా సరే, డబ్బా ఫోనైనా సరే. ఫోను మారిస్తే పెట్టె మార్చక్కర్లేదు. పెట్టెలో సిమ్ముకు రీచార్జి తప్పదు గాని, నొక్కిన ప్రతి నొక్కుకూ మోటారు కంపెనీకి ముడుపు లేదు. అర్ధరాత్రి కరెంటు వచ్చినప్పుడు, చేనికి పోయి తేలు కుట్టించుకోకుండా మోటారు వేయడం కోసం పుట్టిన విద్య అది. అదే విద్యకు మెరుగు పెట్టి, సీటు కాలకుండా ఉండడానికి మణికట్టుకు కడితే మూడు గేట్లు మొలిచాయి.

కావలసింది పెద్ద కోరికేం కాదు. కారుకు ఒకసారి కట్టిన యాప్ డబ్బు ఆ కారుతోనే ఉండాలి, ఫోను శాఖతో కాదు. తలుపు, ఏసీ, చార్జి వివరం, ఈ మూడింటికీ సర్వరు దయ అక్కర్లేకుండా కారు దగ్గర నుంచే దారి ఉండాలి. బండిలో బిగించిన ప్రతి వస్తువూ బండి ధరలోనే పనిచేయాలి. ఇవి ఇవ్వలేమంటే పెట్టె మీద పెద్దక్షరాలతో 'అద్దె' అని రాయాలి. అద్దె కట్టడానికి మాకు సిగ్గులేదు, సగం ఊరు అద్దె ఇళ్ళలోనే ఉంది. రిజిస్ట్రేషన్ చేయించుకుని అద్దె కట్టేవాణ్ణే లోకం వెర్రివాడంటుంది.

మా బావమరిది రెండో పదిహేను డాలర్లూ కట్టేశాడు. "పోనీలే బావా, ఒక పూట బిర్యానీ డబ్బులు" అన్నాడు. ఈ వ్యాపారమంతా నడిచేది ఆ 'పోనీలే' మీదే. పెద్ద దోపిడీ అయితే తిరగబడతాం, పదిహేను డాలర్లయితే పోనీలే అంటాం. అది వాళ్ళకు తెలుసు.

కాబట్టి, రేపు షోరూములో టై కట్టుకున్న కుర్రాడు మీ చేతికి వాచీ తొడిగి, దూరం నుంచి కారు లైట్లు మిణుకు మిణుకుమనిపించి, ఎలా ఉంది సార్ అని అడిగినప్పుడు మైమరచిపోకండి. మన తాతలు సంతలో అడిగిన ప్రశ్న ఒక్కటి అడగండి:

"పలుపుతో కలిపి ఎంత?"