ఫస్ట్ ఓనర్

కొనేముందు నాకు చూపించి ఉంటే ఈ కథే లేదు. మా బావ కొన్నాక చూపించాడు.

2021 వేసవి. బెజవాడ ఆటోనగర్‌లో మా షెడ్డు ముందు పికప్ ఆపి, తాళం వేలికి తిప్పుకుంటూ దిగాడు. "2012 మోడల్ బామ్మర్దీ. ఫస్ట్ ఓనర్ బండి. రెండు లక్షల ఎనభైకి లాగేశా."

కొత్త పెయింటు, కొత్త సీటు కవర్లు, మీటరు మీద లక్షా పదివేల కిలోమీటర్లు. నేను ముందు క్లచ్ పెడల్ చూశాను. రబ్బరు పూర్తిగా అరిగి కింద ఇనుము నున్నగా మెరుస్తోంది. లక్షకి అలా అరగదు. మీటరుని వెనక్కి తిప్పగలరు గానీ పెడల్‌ని తిప్పలేరు.

ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఆయిల్ పోసే మూత తీస్తే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు గుప్పుమంది. రింగులు పోయాయి. వెనక సైలెన్సర్‌లోంచి నీలం పొగ. నల్లపొగైతే పంపు దగ్గరో నాజిళ్ళ దగ్గరో సర్దుకోవచ్చు. నీలం అంటే బండి డీజిల్‌తో పాటు ఆయిల్ కూడా తాగుతున్నట్టు. కిందకి దూరితే ఎడమ కమాన్ కట్టలో రెండో పట్టీ విరిగి ఉంది. ఛాసిస్ మీద జానెడు వెల్డింగ్ మచ్చ, దాన్ని కప్పుతూ నల్లరంగు. నాలుగు టైర్లూ రీట్రెడింగే.

"ఇదేం బండి బావా?"

"ఆర్సీ చూడరా. ఒక్క పేరే ఉంది."

ఆ పేరు గన్నవరం వైపు టెంట్ హౌస్ నడిపి మానేసిన ఒక పెద్దాయనది. మధ్యలో బ్రోకరు చేయి ఉంది కాబట్టి మీటరు పాపం ఆయనది కాదనే నా నమ్మకం. తొమ్మిదేళ్ళు కుర్చీలూ వంట డేగిసాలూ మోసిన బండిని అమ్మి, 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చాడు పాపం. మా బావ వాటిని మడిచి డాష్‌బోర్డులో పెట్టాడు. అవి అక్కడే ఉండిపోయాయి.

నూజివీడు తోటల నుంచి నున్న మార్కెట్‌కి మామిడికాయల కిరాయి మా బావది. పావు తక్కువ టన్నున్నర మోయాల్సిన బండికి రెండున్నర ఎక్కించేవాడు. మొదటి ఏడాది నా ఖాతా పుస్తకంలో పడిన లెక్క ఇది: ఇంజిన్ బోరు, పిస్టన్లు, బేరింగులు 62 వేలు. క్లచ్ సెట్టు 11 వేలు. కమాన్లు 14 వేలు. టైర్లు 28 వేలు. మొత్తం లక్షా పదిహేను. బండి షెడ్డులో ఉన్న ఇరవై రెండు రోజుల కిరాయి ఇందులో లేదు, అదీ సీజన్‌లో. ఎనిమిదేళ్ళు దాటిన సరుకు బండి కాబట్టి ఏటా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందుకి తీసుకెళ్ళాల్సి వచ్చేది, దానికి ముందు పెయింటు టచప్పు, రేడియం స్టిక్కర్లు, లైట్లు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు దాటితే రోజుకి యాభై రూపాయలు పడేది. మా బావ ఇవేవీ రాసుకోడు. రాసుకుంటే బాధేస్తుందంటాడు.

"పేరు మార్పించుకో బావా" అని నేనూ అరిగిపోయాను. అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో, కొన్నవాడు ముప్పై రోజుల్లో తెలపాలని చట్టం. బండి ఎవర్నైనా గుద్దితే పరిహారానికి ఆర్సీలో పేరున్నవాడినే పట్టుకుంటారని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చేసింది. ఇదంతా చెబితే నవ్వేవాడు.

"పేరు మారిస్తే పాత చలాన్లు కట్టాలి, టాక్సు బాకీ కట్టాలి, ఏజెంటుకి ఇవ్వాలి. పైగా రేపు అమ్మబోతే సెకండ్ ఓనర్ అయిపోతుంది, రేటు పడిపోతుంది. ఇప్పుడు నీకేం నష్టం?"

నష్టం పెద్దాయనకి. చలానా మెసేజ్‌లు ఆయన సెల్‌కి వెళ్ళేవి. రెండుసార్లు బస్సెక్కి మా షెడ్డుకొచ్చాడు. తెల్ల పంచె, చేతిలో చిన్న డైరీ. ప్రతి చలానా తేదీ, చోటు, మొత్తం అందులో రాసుకున్నాడు. రెండోసారి వచ్చినప్పుడు బావ షెడ్డులోనే ఉన్నాడు.

"రాత్రి పన్నెండుకి టింగుమంటుంది అబ్బాయ్. ఎవర్ని చంపావో అని లేచి కూర్చుంటున్నా."

"బాబాయ్ గారూ, తోలేది నేను, మేపేది నేను. ఊరికే మీ పేరు మీద ఉంటే మీకేం పోయింది?"

పెద్దాయన ఏమీ అనలేదు. టీ తెప్పిస్తే తాగకుండా వెళ్ళిపోయాడు.

నేను గొడవపెట్టి చేయించిన పని ఒక్కటే, ఫుల్ ఇన్సూరెన్స్. ఆర్సీలో ఎవరి పేరుంటే పాలసీ వాళ్ళదే కదా, అదీ పెద్దాయన పేరు మీదే వచ్చింది. బండి విలువ రెండు లక్షల పదివేలు వేశారు.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి బావ ఉండే సింగ్‌నగర్ మీద పడింది. బావ మేడ మీద, బండి వీధిలో. బానెట్ మునిగిందని ఫోన్ చేశాడు. "నీళ్ళు తీసినా సెల్ఫ్ కొట్టొద్దు, నీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాను. సిలిండర్లోకి చేరిన నీటిని పిస్టన్ నొక్కలేదు, రాడ్ వంగిపోతుంది. అప్పుడది వరద నష్టం కాదు, నువ్వు చేసుకున్న నష్టం అంటుంది కంపెనీ. ఆ ఒక్క మాట విన్నాడు.

నీళ్ళు తగ్గాక గొలుసు కట్టి షెడ్డుకి లాక్కొచ్చాం. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు పోసిన కాఫీలా ఉంది. సర్వేయరు లెక్కేశాడు. రిపేరు ఖర్చు బండి విలువలో మూడొంతులు దాటితే మొత్తం పోయినట్టే రాస్తారు. దాటింది.

"ఓనరెవరు?" అన్నాడు.

అమ్మేసిన బండని తెలిస్తే క్లెయిమ్ నిలవదు. బావ నావైపు చూసి, గొంతు సవరించుకుని, "గన్నవరం పెద్దాయనదండీ. నేను డ్రైవర్ని" అన్నాడు. ఏదో రోజు నిజం చెబితే బాగుండునని అనుకున్నాను గానీ, ఆ రోజు నేనూ నోరు మూసుకున్నాను. సర్వేయరు రాసిన వాంగ్మూలం కింద, 'పై బండికి జీతం మీద పనిచేయు డ్రైవర్' అన్న చోట మా బావ వంకర అక్షరాలతో సంతకం చేశాడు.

మర్నాడు రెండు కిలోల బందరు లడ్డూ పట్టుకుని గన్నవరం వెళ్ళాం. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని వాంగ్మూలం కాపీ రెండుసార్లు చదివాడు. ఒక జిరాక్స్ తన దగ్గర ఉంచుకున్నాడు. క్లెయిమ్ ఫారం మీద సంతకం పెట్టి, బ్యాంకు పాసుబుక్కు నకలు ఇచ్చి, ఒక లడ్డూ నోట్లో వేసుకున్నాడు.

"మంచి మనిషిరా" అన్నాడు బావ దారిలో.

దసరా వెళ్ళాక డబ్బు పడిందని కబురొచ్చింది. ఇద్దరం మళ్ళీ వెళ్ళాం. పెద్దాయన లోపలికి పిలిచి, ఈసారి తనే టీ ఇప్పించి, బావ చేతికి ఒక కవరు ఇచ్చాడు. రెండు లక్షల పదివేలకి ఆ కవరు మరీ పల్చగా ఉంది. చెక్కేమో అనుకున్నాం. వీధిలోకి వచ్చి విప్పితే ఐదు వందల నోట్లు నాలుగు.

కవరు మీద డైరీలో రాసుకున్న చేతిరాతే: 'డ్రైవర్ జీతం, ఆగస్టు నెలకు. చలాన్లు మినహాయించడమైనది.'