కోటు క్షేమం

ఈ దేశంలో న్యాయవాది ఒంటి గురించి ఆలోచించినంత శ్రద్ధగా మరే వృత్తివారి ఒంటి గురించీ ఎవరూ ఆలోచించలేదు. వకీళ్లు ఏం తొడుక్కోవాలో నిర్ణయించే అధికారం 1961 నాటి అడ్వకేట్స్ చట్టం 49వ సెక్షన్ కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాది. ఆ అధికారం అప్పగిస్తూ పార్లమెంటు ఒక ముక్క ప్రత్యేకంగా చేర్చింది: వాతావరణ పరిస్థితులను దృష్టిలో పెట్టుకుని మరీ నిర్ణయించమని. బార్ కౌన్సిల్ వారు పెట్టుకున్నారు. ఎంతసేపు పెట్టుకున్నారో గానీ, చూసి చూసి చివరికి నల్లకోటు ఖాయం చేశారు. దాని మీద గౌను. మెడకు తెల్ల బ్యాండు. వాతావరణమంటే ఏ దేశపు వాతావరణమో చట్టంలో విడమరిచి రాయకపోవడం పార్లమెంటు పొరపాటు. వారిని అనడానికి లేదు.

పైగా ఆ నియమాలు చదివితే వారి విశాల హృదయం తెలుస్తుంది. కోటు వద్దనుకుంటే అచ్‌కన్, చప్‌కన్, నల్ల షేర్వానీ వేసుకోవచ్చు. కింద ప్యాంటే అక్కర్లేదు, ధోవతి కట్టుకోవచ్చు. వద్దన్నది జీన్స్ ఒక్కటే. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో మన పెద్ద వకీళ్లు పంచెకట్టు మీద కోటు, నెత్తిన తలపాగాతోనే వాదించేవారు. ఇప్పుడైనా ఓ కుర్ర ప్లీడరు గుంటూరు జిల్లా కోర్టుకు పంచె మీద కోటు తొడుక్కుని వెళ్తే నియమం నిక్షేపంగా ఆయన పక్షాన నిలుస్తుంది. బార్ హాల్లో ఫోన్లు తీసి ఫొటోలు లాగేవారి నుంచి మాత్రం కాపాడలేదు. అది నియమం పని కూడా కాదు.

ఈ నలుపు ఎక్కడిదంటే, లండనులో ఎవరో పోయినప్పటిదని చెబుతారు. 1685లో రెండో చార్లెస్ రాజు పోయినప్పుడు బారిస్టర్లు పట్టిన మైల అని కొందరంటారు. కాదు, 1694లో రెండో మేరీ రాణి పోయినప్పటిదని మరికొందరు. రాజో రాణో తేలలేదు గానీ మైల మాత్రం తీరలేదు. మన ఇళ్లలో కన్నతండ్రి పోయినా పదకొండో రోజుకు శుద్ధి చేసుకుని పన్నెండో రోజున భోజనాలు పెట్టేస్తాం. ముక్కూ మొహం తెలియని పరాయి దేశపు మహారాణి కోసం మూడు వందల ఏళ్లుగా నలుపు విప్పని విశ్వాసం మన న్యాయస్థానాలది. ఇంత కృతజ్ఞత ఆ రాణిగారి సొంత మనవల్లో కూడా ఉండి ఉండదు, ఆమెకు పిల్లలు లేరన్న సంగతి పక్కన పెడితే.

సొంతవాళ్ల సంగతీ చూశాం. ఇంగ్లండు, వేల్స్‌లలో సివిల్, ఫ్యామిలీ కోర్టుల జడ్జీలు 2008లో విగ్గులు తీసి పక్కన పెట్టారు. 2011లో అక్కడి సుప్రీం కోర్టు ఇంకో మెట్టు దిగి, ఇరుపక్షాల న్యాయవాదులూ ఒప్పుకుంటే గౌనూ గట్రా లేకుండానే వాదించవచ్చని చెప్పేసింది. వస్తువు అసలు యజమానే అటక ఎక్కించేశాడు. అరువు తెచ్చుకున్నవాళ్లం మనమే దాన్ని ఇస్త్రీ చేసి తొడుక్కుంటున్నాం. సంప్రదాయ పరిరక్షణ అంటే ఇదీ.

వేసవి మాట ఎత్తకుండా కోటును కీర్తించడం అసంపూర్తి పూజే. వేసవిలో సుప్రీం కోర్టు, హైకోర్టులు మినహా మిగతా కోర్టుల్లో నల్లకోటు తప్పనిసరి కాదని నియమం. వేసవి ఏ నెలలో మొదలై ఏ నెలలో పోతుందో అందులో రాయలేదు, అది సూర్యుడికీ వకీలుకీ వదిలేశారు. హైకోర్టుల్లో మాత్రం మినహాయింపు లేదు, మండే మే నెలలో మన రెండు హైకోర్టులకూ సెలవులు. అంటే కోర్టు తలుపులు వేసి ఉన్నప్పుడు కోటు వేసుకోనక్కర్లేదన్నమాట. దీన్ని మించిన ఉదారత ఏముంటుంది? సివిల్ కోర్టులకూ సెలవులిస్తారు గానీ నేరాలు చేసేవాళ్లు సెలవులు పాటించరు కాబట్టి మేజిస్ట్రేటు కోర్టులు నడుస్తూనే ఉంటాయి. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల పాదరసం 45 డిగ్రీల దగ్గర తచ్చాడే రోజుల్లో ఆ వైపు కోర్టులకు వెళ్లి చూడండి. మినహాయింపు ఉన్నా సగం మంది ఒంటి మీద కోటు ఉంటుంది.

ఎందుకంటే జూనియర్‌కు సీనియర్ ఉంటాడు.

"ఏమయ్యా, కోటేదీ?"

"వేసవి కదండీ. మినహాయింపు ఉంది."

"మినహాయింపు నీకుందయ్యా, పార్టీకి లేదుగా. ఆయన వచ్చింది ప్లీడరు కోసం. కోటు లేకుండా నిలబడితే నిన్ను గుమస్తా అనుకుంటాడు. ఫీజు ఎవరడుగుతారు, నువ్వా?"

దీనికి ఏ రూలింగూ పనికిరాదు. జూనియర్ వెళ్లి బార్ హాల్లో మేకుకు తగిలించిన కోటు తీసి తొడుక్కుంటాడు.

ఆ కోటును ఒక్కసారి దగ్గరగా చూడాలి. టెరికాట్ గుడ్డ. కొన్నప్పుడు నలుపు. నాలుగు వేసవులు తిన్నాక భుజాల దగ్గర ఆకుపచ్చో గోధుమో తేల్చలేని రంగుకు తిరుగుతుంది. చంకల కింద చెమట ఎండి తెల్లటి ఉప్పు గీతలు తేలతాయి. ఒక గీత ఎండాక దాని పక్కనే ఇంకోటి, వరద తగ్గాక గోడ మీద మిగిలే మరకల్లాగా. లోపలి జేబు చిరిగి లైనింగులోకి దారి చేసుకుంటుంది. వాయిదా చీటీలు, కోర్టు ఫీజు స్టాంపులు, జెరాక్సు రసీదులు ఆ దారినే జారి అంచు దగ్గర ఉండలు కట్టి ఉంటాయి. బ్యాండు మెడకు ఉండదు, ప్యాంటు జేబులో మడత పెట్టి ఉంటుంది. బెంచ్ క్లర్క్ కేసు పిలవగానే పరుగెత్తుతూ కట్టుకోవాలి. ముడి వెనక్కి వెళ్లిందా పక్కకి వెళ్లిందా చూసుకునే వ్యవధి ఉండదు. ఎదుటి వకీలు అది చూసి నవ్వుతాడు, తనది ఆయనకు కనపడదు కాబట్టి.

నియమం కోరిన హుందాతనం ఇదే. నాకెప్పుడూ అనుమానం లేదు.

కోటు మహిమలు అన్నీ ఇన్నీ కావు. ఒంటి మీద కోటుంటే స్టేషన్లో కానిస్టేబుల్ కుర్చీ చూపిస్తాడు. ట్రాఫిక్ పోలీసు బండి ఆపాలా వద్దా అని ఒక క్షణం తటపటాయిస్తాడు. రెవెన్యూ ఆఫీసులో "రేపు రండి" అనే మాట "మధ్యాహ్నం రండి" అయిపోతుంది. ఒక్క ఇల్లద్దెకు మాత్రం అది వేసుకుని వెళ్లకూడదు. కోటును చూడగానే ఇంటాయన మొహంలో ఖాళీ చేయించే దావా, ఇంజంక్షను, అప్పీలు, రివిజను అన్నీ వరసగా నడిచిపోతాయి. "మొన్ననే ఎవరికో మాటిచ్చాం బాబూ" అంటాడు, గేటుకు "టు లెట్" బోర్డు ఊగుతూ ఉండగానే.

అంతటి కోటుకు కూడా ఒకసారి సెలవు దొరికింది. కరోనా రోజుల్లో, 2020 మే 13న, సుప్రీం కోర్టు ఒక సర్క్యులర్ ఇచ్చింది: వీడియో విచారణల్లో తెల్ల చొక్కా, తెల్ల సల్వార్ కమీజ్ లేదా తెల్ల చీర, మెడకు తెల్ల బ్యాండు ఉంటే చాలు, కోటూ గౌనూ వద్దు. వైద్యుల సలహా అన్నారు. ఇన్నేళ్లూ ఎండ చెప్పినా వినని మాట వైరస్ చెప్తే విన్నారు. కోట్లు లేని ఆ రోజుల్లో బెయిళ్లు మంజూరయ్యాయి, స్టేలు వచ్చాయి, తీర్పులు వెలువడ్డాయి, వాటిలో ఏ ఒక్కటీ కోటు లేదన్న కారణంతో కొట్టుడు పోలేదు. ప్రమాదం గుర్తించి, కోర్టులు మామూలుగా నడవగానే కోటును మళ్లీ తెచ్చి తొడిగారు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే జనం గమనించేసేవారు.

ఆ రోజుల్లోనే, 2020 ఏప్రిల్లో, రాజస్థాన్ హైకోర్టులో ఒక వకీలు బనియన్‌తో కెమెరా ముందు కూర్చున్నారు. కూర్చోకూడదు, నిజమే. బెంచికి నచ్చలేదు. విచారణ వాయిదా పడింది. అది బెయిల్ పిటిషను. బనియన్ వేసుకున్నది వకీలు, లోపల ఉన్నది కక్షిదారు. దుస్తుల నియమం ఎంత పకడ్బందీగా పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు: తప్పు ఎవరిదైనా, శిక్ష ఇదివరకే అలవాటైన మనిషికే పడుతుంది.

మహిళా న్యాయవాదుల విషయంలో నియమం ఇంకా సున్నితంగా ఉంటుంది. చీర కట్టుకోవచ్చు. తెలుపో నలుపో కళ్లకు కొట్టని ఏ లేత రంగో అయి ఉండాలి, పువ్వు గానీ డిజైను గానీ ఉండకూడదు. దాని మీద కోటు, బ్యాండు. మంగళగిరి చీర కొని అంచు చూసి మురిసిపోయే లోపే, అందులో కోర్టుకు పనికొచ్చే భాగమెంతో లెక్కేసుకోవాలి. 2022 అక్టోబరులో పుణె జిల్లా కోర్టు మరో అడుగు వేసి, మహిళా న్యాయవాదులు కోర్టు హాల్లో జుట్టు సర్దుకుంటుంటే పనికి అంతరాయంగా ఉందని నోటీసు అంటించింది. గోల కాగానే తీసేసింది. వాయిదాల మీద వాయిదాలు కోరేవారి వల్ల పనికి కలిగే అంతరాయం గురించి నోటీసు అంటించాలని ఎవరికీ తోచలేదంటే, జుట్టు ఎంత పెద్ద సమస్యో ఊహించుకోండి.

బయటివారి బట్టల మీదా ఈ శ్రద్ధ ఉంది. 2022లో పాట్నా హైకోర్టులో ఒక సీనియర్ ఐఏఎస్ అధికారి కోటు లేకుండా చొక్కాతో వస్తే, ఇదేమన్నా సినిమా హాలా అన్న ధోరణిలో తలంటు జరిగింది. తర్వాత 2024 జనవరిలో సుప్రీం కోర్టు, ప్రభుత్వ అధికారుల వేషం మీద వ్యాఖ్యలు మానాలని మార్గదర్శకాలు ఇచ్చింది. వారి ఆఫీసు నియమాన్ని వారు ఉల్లంఘిస్తే తప్ప. అదే ఏడాది సెప్టెంబరులో, వేసవిలో కోటు నుంచి మాకూ విముక్తి ఇప్పించండని ఒక న్యాయవాది వేసిన పిటిషను అదే కోర్టు ముందుకొస్తే, బార్ కౌన్సిల్‌కు చెప్పుకోవచ్చునని, మర్యాద కూడా ముఖ్యమేనని సెలవిచ్చి పంపింది. అధికారి చొక్కా అధికారి ఇష్టం. వకీలు చెమట మాత్రం వ్యవస్థ గౌరవం.

అలాగని బార్ కౌన్సిల్‌కు కోటు లోపలి మనిషి పట్టడని అనకూడదు. 2024 అక్టోబరులో సర్క్యులర్ ఇచ్చింది: జూనియర్లకు సీనియర్లు నగరాల్లో కనీసం నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇస్తే బాగుంటుందని. భాషలోని తేడా గమనించండి. కోటు దగ్గర "ధరించవలెను". కూడు దగ్గర "బాగుండును". ఒకటి నియమం, ఇంకోటి సలహా. సలహా పాటించని సీనియర్లు ఎవరూ ఇంతవరకు బనియన్‌తో పట్టుబడలేదు కాబట్టి ఎవరి కేసూ వాయిదా పడలేదు.

కోటు లోపలివారి సంగతి ఇంతసేపూ చెప్పాను. కోర్టుకు రోజూ వచ్చేవారిలో కోటు లేనివారే ఎక్కువ. ఊళ్లో నుంచి మొదటి బస్సుకు వచ్చిన రైతు కాల్ వర్క్ అయ్యేదాకా వరండాలో గోడకు చేరగిలబడి ఉంటాడు. లోపల తన పేరు పిలిచారని గుమస్తా చెప్పగానే లేస్తాడు. పైకి మడిచి కట్టిన పంచె కిందికి జారవిడుస్తాడు. భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుంటాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తాడు, చెప్పులు విడవమని ఎవరూ అనకపోయినా. చేతులు కట్టుకుని నిలబడతాడు. ఇవన్నీ అతనికి ఎవరు నేర్పారో, ఏ సెక్షన్ కింద నేర్పారో తెలియదు. బార్ కౌన్సిల్ పుస్తకం అంతా తిరగేసినా ఇంత చక్కగా అమలవుతున్న నియమం ఇంకొకటి కనపడదు. మినహాయింపు కోరుతూ ఒక్క పిటిషనూ రాలేదు.