శనగపప్పు తూకం

మా బళ్లారిలో షటిల్ కోర్టు మీదే పికిల్‌బాల్ ఆడేస్తున్నారు. షటిల్ డబుల్స్ కోర్టు ఎంతో ఇదీ అంతే, 44 అడుగులకు 20. వల దించి, నడిమధ్యన 34 అంగుళాలు ఉండేట్టు కట్టుకుంటే చాలు. ఈ ఆట మీదికి నాకు బుద్ధి ఎందుకు పోయిందంటే, సమంత చెన్నై జట్టుకు యజమాని అయిందని పేపర్లో చదివాను. ఇంట్లో మాత్రం ఆరోగ్యం కోసమని చెప్పాను. ఎవరూ నమ్మలేదు.

తెలివైనవాళ్లు ఈ ఆట బ్యాటు, అంటే ప్యాడిల్, కొనేముందు నలుగురివీ అడిగి, ఆడి చూసి కొంటారు. నేను చదివి కొనే రకం. అర్ధరాత్రి దాకా చదివితే తేలిందేమిటంటే, ప్యాడిల్ మీది ప్రతి అంకె వెనకా కొనేవాడి లోపం ఒకటి దాక్కుని ఉంటుంది.

పొడవు 17 అంగుళాలు మించకూడదు, పొడవూ వెడల్పూ కలిపి 24 దాటకూడదు. పొడుగు కావాలంటే వెడల్పు వదులుకోవాల్సిందే. టెన్నిస్ చేయి ఉన్నవాళ్లు పొడుగుది పడతారు. బంతి ఎక్కడ తగులుతుందో దేవుడికే వదిలేసేవాళ్లకు 16కి 8 వెడల్పుది. నేను పొడుగుదాని మీద మనసు పడ్డాను. "సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి పిల్లోణ్ణి పిలుస్తారు, మీకెందుకండీ అది" అని మా ఆవిడ కొట్టిపారేసింది.

1953 అక్టోబరు 1న బళ్లారిని మైసూరుకూ, ఆదోని, రాయదుర్గాలను ఆంధ్రకూ పంచారు. అప్పట్నుంచి మా ఇంట్లో ఏది కొనాలన్నా రెండు రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. "13 మిల్లీమీటర్లది తీసుకో బావా, బంతి బుల్లెట్ మాదిరి పోతాది" అన్నాడు ఆదోని బామ్మర్ది. "16 తీసుకో నాన్నా" అంది బెంగళూరు నుంచి కూతురు. లోపలి ప్లాస్టిక్ తేనెపట్టు మందంగా ఉంటే దెబ్బ మెత్తబడి బంతి చెప్పినమాట వింటుందట, పలచగా ఉంటే విసురుగా ఎగిరిపోతుందట. 1965లో అమెరికాలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో ఆట పుట్టినప్పుడు చెక్క ప్యాడిళ్లే. 1984లో ఆర్లెన్ పరాంటో అనే బోయింగ్ ఇంజనీరు విమానాల్లో వాడే తేనెపట్టు పలకతో ప్యాడిల్ చేశాడు. విమానం సరుకనగానే నాకు రెక్కలొచ్చాయి. "క్యారమ్స్ ఆడితేనే మీ స్ట్రైకరు వీధిలో పడుతుంది. పదహారే" అంది మా ఆవిడ.

బరువు దగ్గర పరువు పూర్తిగా పోయింది. ఎక్కువభాగం ప్యాడిళ్లు 210 నుంచి 235 గ్రాముల లోపే. బరువుదైతే దెబ్బకు బలం, మోచేతికి నొప్పి. గ్రాముల్లో లెక్కేమిటని పైదే కావాలన్నాను. ఆవిడ మారు మాట్లాడకుండా 235 గ్రాముల శనగపప్పు తూచి సంచీలో పోసి, హాల్లో ఊపమని చేతికిచ్చింది. అద్దం ముందు నిలబడి ఊపాను. బళ్లారి రాఘవ నాటకాలాడిన ఊరివాణ్ణి, మొహంలో ఏ లోటూ రానివ్వలేదు. కాసేపటికి నటన అయిపోయి మోచేయి మిగిలింది. మా జిల్లాలోనే, తోరణగల్లు పక్కన విజయనగర్‌లో, నీరజ్ చోప్రా సాధన చేసిన క్రీడాసంస్థ ఉంది. ఆయన విసిరే ఈటె 800 గ్రాములు. అదే జిల్లాలో నేను పప్పు సంచీ దించి, తేలికదే చాలన్నాను.

పిడి కొలవడానికి జీన్స్ కుట్టే ఊళ్లో ఏం కష్టం! అరచేతి మధ్యగీత నుంచి ఉంగరపు వేలి కొస దాకా కొలవాలి. మా వీధి మాస్టరు టేపు పెట్టి నాలుగుంపావు అన్నాడు. అలవాటుకొద్దీ నా నడుమూ కొలిచి, నా మొహం చూసి, ఆ అంకె పైకి చదవలేదు. పిడి కాస్త సన్నగా ఉన్నా పైన టేపు చుట్టి లావు చేసుకోవచ్చు, లావుదాన్ని సన్నం చేయలేం అని అతనికి చెప్పాను. "మా పనీ అంతే సార్" అన్నాడు.

ప్యాడిల్ వచ్చింది. ఎండలు తగ్గనీ అని గోడకు తగిలించాను. బళ్లారిలో ఎండలు తగ్గడమంటే చాలా టైముంది కనక ప్రస్తుతం బూట్ల గురించి చదువుతున్నాను. పరుగు బూట్లు ముందుకు ఉరకడానికేనట, పక్కలకు గెంతితే చీలమండ బెణుకుతుందట. షటిల్ బూట్లా, టెన్నిస్ బూట్లా అన్నది ఇంకా తేలలేదు. ఆదోని నుంచి ఫోను మోగుతోంది.